బర్న్స్ వార్డులో మీ మనిషి ఉంటే: మందులకి లొంగని బ్యాక్టీరియాని దూరం పెట్టడానికి అటెండర్ గా మీరు ఏం చెయ్యాలి

బర్న్స్ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఒక చీటీ ఉంటది. దాని మీద డాక్టర్ రాసిన ఇంజెక్షన్ పేరు, దాని కింద మెడికల్ షాపు అబ్బాయి పెన్నుతో వేసిన రేటు, ఆ రేటు చూసి మొహం పాలిపోయి మా దగ్గరకొచ్చి "సిస్టర్, ఇది వేస్తే తగ్గిపోద్ది కదా, ఇదే అన్నిటికన్నా పెద్ద మందు కదా" అని అడుగుతారు. తొమ్మిదేళ్ళు ఆ వార్డులో స్టాఫ్ నర్స్ గా చేశాను, ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు, డ్యూటీ హడావుడిలో ఏనాడూ సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. అది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. పెద్ద మందు దాకా పోకుండా ఉండటానికి చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి, వాటిలో సగం డాక్టర్ల చేతిలో ఉంటే సగం పక్కన కూర్చునే మీ చేతిలోనే ఉన్నాయి, చేతిలో అంటే మాటవరసకి కాదు, నిజంగా చేతిలోనే, అది కింద చెప్తా.

మందు ఏది, డోసు ఎంత, ఎన్ని రోజులు అనేది డాక్టర్ గారి పని, అందులో నేను వేలు పెట్టట్లేదు. మంచం పక్కన జరిగేదాని గురించే రాస్తున్నా.

కాలిన గాయం మీద బ్యాక్టీరియా ఎందుకు అంత తేలిగ్గా పెరుగుద్దో తెలుసుకోండి

చర్మం అంటే మన ఒంటికి గోడ. లోతుగా కాలిన చోట గోడ కూలిపోవటమే కాదు, కూలిన మట్టి అక్కడే పడి ఉంటది. ఆ మాడిన చర్మం చచ్చిపోయిన చర్మం, దాంట్లోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్ కూడా పోదు. పైగా గాయం నుంచి ఊరే నీరు, ఒంటి వెచ్చదనం, ఆ చచ్చిన మాంసం, ఇంతకన్నా మంచి ఇల్లు బ్యాక్టీరియాకి ఎక్కడ దొరుకుద్ది చెప్పండి. అందుకే "ఇన్ని వేలు పెట్టి ఇంజెక్షన్లు వేయించినా సెప్టిక్ ఎందుకైంది" అనే ప్రశ్నకి మొదటి జవాబు ఇదే, మందు అక్కడిదాకా పోలేదు.

మొదటి ఒకట్రెండు రోజులు గాయం మీద కనపడేవి ఎక్కువగా పేషెంట్ చర్మం మీద, వెంట్రుకల కుదుళ్ళలో ముందునుంచీ ఉన్నవే, స్టఫైలోకాకస్ లాంటివి. ఐదు నుంచి ఏడు రోజులు దాటేసరికి సీన్ మారిపోద్ది, పేషెంట్ పేగుల్లోవి, వార్డులోవి వచ్చి కూర్చుంటాయి. వార్డులోవి అంటే ఏళ్ళ తరబడి రకరకాల మందులు చూసి రాటుదేలినవి. అక్కడ మీరు తరచూ వినే పేర్లు నాలుగు. సూడోమోనాస్, దీనికి తడి అంటే ప్రాణం, సింకులు, కుళాయి మూతులు, బక్కెట్లు దీని అడ్డా. అసినెటోబాక్టర్, ఇది దానికి రివర్స్, పొడిగా ఉన్న మంచం రాడ్డు మీద, లాకర్ మీద కూడా వారాల తరబడి బతుకుద్ది. క్లెబ్సియెల్లా, పేగుల్లో ఉండే రకం. ఇక ఎమ్మార్సే అనేది స్టఫైలోకాకస్ లోనే మొండిది, చాలామంది ముక్కుల్లో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటది, మీకూ నాకూ కూడా ఉండొచ్చు.

వీటితో ఇంకో తలనొప్పి ఏంటంటే మందుని తట్టుకునే జీన్ ని, అంటే ఆ విద్య రాసి ఉన్న జన్యువుని, పక్కనున్న బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయి, పరీక్షలో చీటీ అందించినట్టు. ఎన్డీఎం అనే ఎంజైమ్ గురించి వినే ఉంటారు, మెరోపెనెం లాంటి ఖరీదైన మందులని కూడా ముక్కలు చేసేస్తది. 2008లో మన దేశం వచ్చి వెళ్ళిన ఒక స్వీడన్ పేషెంట్ లో మొదట కనిపెట్టి దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు, 2010లో ఆ పేరు మీద పెద్ద గొడవ కూడా అయ్యింది. పేరు సంగతి ఎలా ఉన్నా అది వార్డుల్లో ఉన్నమాట నిజం.

ఆసుపత్రికి రాకముందే

ఇది క్లుప్తంగా చెప్పేస్తా. కాలిన వెంటనే కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పొయ్యండి, ఐస్ వద్దు. కాలి మూడు గంటలు దాటకపోతే ఇంకా ఉపయోగం ఉంటది. ఒళ్ళు చాలా మేర కాలినా, చిన్నపిల్లలైనా చలికి వణక్కుండా చూసుకుంటూ, అంబులెన్స్ రాగానే ఆపేసి బయల్దేరండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు, తాయెత్తు అన్నీ వాపు రాకముందే తీసెయ్యండి. పేస్టు, ఇంకు, పసుపు, కాఫీ పొడి, పేడ, కోడిగుడ్డు సొన, ఇవేవీ రాయొద్దు. వీటిని గీకి తియ్యటానికి మాకు గంట పడుద్ది, ఆ గంటా పేషెంట్ కి నరకం, పైగా పేడలో ధనుర్వాతం క్రిములు కూడా ఉంటాయి. ఉతికిన బట్ట కప్పి తీసుకురండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకుని చెప్పండి.

ఇంకోటి, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఆగి ఏదో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడిపించుకుని రావటం. ఇన్ఫెక్షన్ లేకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వెయ్యటం మామూలుగా కాలిన కేసుల్లో మంచిది కాదనే డాక్టర్లు అంటారు. దాంతో మెత్తటి బ్యాక్టీరియా చచ్చి మొండివాటికి చోటు ఖాళీ అవుద్ది, అంతే. ఒకవేళ ఇప్పటికే వేయించుంటే ఆ సీసా మూతో, స్ట్రిప్ ముక్కో దాచి తెచ్చి డ్యూటీ డాక్టర్ కి చూపించండి, తిడతారని దాచిపెట్టకండి.

చేతులు

మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది, కోడలికి గ్యాస్ లీకై 35 శాతం కాలింది, ఈవిడ నిద్రాహారాలు మానేసి కూర్చుంది, అంత ప్రేమగా చూసుకున్న అత్తగారిని నేను తక్కువ చూశాను. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే ఆవిడనే గమనిస్తూ కూర్చున్నా. కోడలి యూరిన్ బ్యాగ్ పట్టుకుని ఎంత వచ్చిందో చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. పక్క మంచం పిల్లాడు ఏడుస్తుంటే వెళ్ళి వాడి దిండు సర్దింది. తిరిగొచ్చి ఫోన్ లో కొడుకుతో మాట్లాడింది. మంచం రాడ్డు పట్టుకుని లేచి, కోడలి చెయ్యి కట్టు కొంచెం జారితే వేళ్ళతో లోపలికి దోపింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"పెద్దమ్మా, చేతులు కడుక్కున్నావా" అన్నాను. 

"ఇందాకే కడిగానమ్మా, అన్నం తినేముందు."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన లెక్కలో చేతులు కడుక్కోవటం అంటే తినేముందు, బాత్రూమ్ కి వెళ్ళొచ్చాక. వార్డులో లెక్క వేరు, అక్కడ చెయ్యి మురికిగా కనపడక్కర్లేదు. కాబట్టి ఇలా గుర్తు పెట్టుకోండి: పేషెంట్ ని ముట్టుకునేముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి. యూరిన్ బ్యాగ్, కఫం, చీము, తడిసిన కట్టు, వీటిలో ఏది తగిలినా వెంటనే, గ్లౌజులు వేసుకున్నా సరే తీసేశాక కడగాల్సిందే. మంచం, లాకర్, సెలైన్ స్టాండ్ ముట్టుకుని బయటికి పోయేటప్పుడు కూడా. పక్క మంచం పేషెంట్ కి సాయం చెయ్యొద్దని నేను అనను, మనం అలా ఉండలేం, కానీ వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు చేతికి శానిటైజర్ రాసుకునే వెళ్ళండి.

శానిటైజర్ అయితే అరచేతి నిండా తీసుకుని 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. రెండు చుక్కలు వేసుకుని తీర్థం తీసుకున్నట్టు రాసుకుంటే పనవ్వదు. బొటనవేలు, వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు, జనం వదిలేసేది ఈ మూడే. చేతికి తడి, జిగట కనపడితే సబ్బుతో కడగండి, మొత్తం 40 నుంచి 60 సెకన్లు, తర్వాత పేపర్ తోనో ఉతికిన గుడ్డతోనో తుడుచుకోండి, కొంగు, లుంగీ, భుజం మీద టవల్ వద్దు. ఉంగరాలు, మట్టిగాజులు, చేతికి కట్టుకున్న దారాలు వార్డులో ఉన్నన్ని రోజులు తీసిపెట్టండి, దారం తడిసి రోజుల తరబడి అలాగే ఉంటది. దేవుడి దారం కదా అంటే ఇంట్లో దేవుడి దగ్గరే పెట్టి రండి, ఆయనేం అనుకోడు. గోళ్ళు కత్తిరించుకోండి.

డాక్టర్లు, మేము కూడా మర్చిపోతాం, నిజం ఒప్పుకోవాలి. ఒకడి కట్టు విప్పి అదే గ్లౌజుతో ఇంకొకడి మంచం దగ్గరకి పోయేవాళ్ళని నా కళ్ళతో చూశాను. అప్పుడు మీరు అడగొచ్చు. "మేడమ్, కొంచెం శానిటైజర్ రాసుకుంటారా" అని మెల్లగా అంటే చాలు. కొందరు మొహం చిట్లిస్తారు, పర్లేదు, రాసుకునైతే రాసుకుంటారు.

మంచం చుట్టూ

సెల్ ఫోన్ గురించి ముందు చెప్తా, ఎందుకంటే చేతులు కడిగి వెంటనే దాన్నే పట్టుకుంటాం. రోజుకి రెండుసార్లు స్విచ్ ఆఫ్ చేసి శానిటైజర్ అద్దిన గుడ్డతో తుడవండి, పేషెంట్ చేతికి ఇవ్వకండి, మాట్లాడించాలంటే మీరే పట్టుకుని స్పీకర్ పెట్టండి.

పేషెంట్ మంచం మీద కూర్చోవద్దు. మంచం కింద పడుకునే చాప, దుప్పటి మీద డ్రెస్సింగ్ గుడ్డలు గానీ కారిన నీరు గానీ పడకుండా చూసుకోండి, ఆ చాపని పగలు చుట్టి పేషెంట్ దిండు పక్కన పెట్టే అలవాటు చాలామందికి ఉంది, మానెయ్యండి. పూలు, కొబ్బరి చిప్పలు, ప్రసాదం పొట్లాలు లాకర్ మీద వద్దు. విభూతి, కుంకుమ గాయం చుట్టుపక్కల అస్సలు వద్దు. పచ్చి కూరగాయ ముక్కలు, సలాడ్లు కూడా బర్న్స్ వార్డులోకి తేవొద్దనేది ఊరికే పెట్టిన రూల్ కాదు, పచ్చి ఆకుల మీద, పూల కుండీ నీళ్ళలో సూడోమోనాస్ ఉంటది.

తడి గురించి ఒక సంగతి. ఒక వేసవిలో మా దగ్గర వరసగా నలుగురికి ఆకుపచ్చ చీము వచ్చింది, నాలుగు కల్చర్లలో (శాంపిల్ తీసి ల్యాబ్ లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఒకే బ్యాక్టీరియా, ఒకే రకంగా అవే మందులకి లొంగట్లేదు. మందులు మార్చాం, క్రీములు మార్చాం, ఉహూ. మైక్రోబయాలజీ మేడమ్ వచ్చి ఒక్కొక్కదాన్నీ దూదిపుల్లతో రుద్ది శాంపిల్ (స్వాబ్) తీసుకుంటూ పోతే చివరికి డ్రెస్సింగ్ రూమ్ లో గాయాలు కడగటానికి కుళాయి నుంచి పెట్టిన ప్లాస్టిక్ పైపులో దొరికింది, లోపల వేలు పెడితే జారిపోయేంత పాకుడు. పైపు తీసి పారేశాం, కుళాయి మూతి మార్పించాం, ఆ రకం మళ్ళీ రాలేదు. అన్ని రోజులూ మేము పెద్ద మందుల కోసం పరిగెత్తాం, దోషం మూడు గజాల పైపుది. కాబట్టి మీ పేషెంట్ కి ఒళ్ళు తుడవటానికి ఇంటినుంచి తెచ్చిన బక్కెట్, మగ్గు ఉంటే వాటిని వాడిన ప్రతిసారీ కడిగి, బోర్లించి, ఆరబెట్టండి, నిల్వ నీళ్ళు ఉంచొద్దు, పక్కవాళ్ళకి అరువివ్వొద్దు. గాయం దేంతో కడగాలో సిస్టర్ నే అడగండి, మీ అంతట మీరు కుళాయి నీళ్ళు పొయ్యకండి.

చుట్టాలు. మన దగ్గర ఎవరికైనా బాలేదంటే ఊరు ఊరంతా ఆటో కట్టించుకుని వస్తారు, రాకపోతే మనమే ఏళ్ళ తరబడి దెప్పుతాం. బర్న్స్ వార్డుకి ఇది పనికిరాదు. ఇంట్లో ఇద్దరు మనుషులని ఖాయం చేసుకోండి, వాళ్ళే మార్చి మార్చి ఉండాలి, మిగతావాళ్ళకి వీడియో కాల్. ఎవరైనా పెద్దవాళ్ళు నొచ్చుకుంటే "డాక్టర్ గారు తిడుతున్నారు పెదనాన్నా" అని మా మీదకి నెట్టెయ్యండి, మాకు అలవాటే. జలుబు, సెగ్గడ్డ, చేతి మీద పుండు ఉన్నవాళ్ళు అటెండర్ గా ఉండకూడదు.

డ్రెస్సింగ్ రోజు ఏం చూడాలి

డ్రెస్సింగ్ కి అరగంట ముందు నొప్పి మందు పడిందో లేదో అడగండి, ఎందుకంటే నొప్పికి పేషెంట్ గింజుకుంటే గాయం సరిగ్గా కడగటం కుదరదు, మురికి లోపలే ఉండిపోద్ది. విప్పేటప్పుడు మిమ్మల్ని బయటికి పంపేస్తారు, పంపాలి కూడా. కానీ విప్పిన కట్టు ఎలా ఉందో సిస్టర్ ని అడగండి. గాజు గుడ్డ మీద నెమలిపింఛం రంగు, పచ్చ నీలం కలిసిన మరక, మగ్గిన ద్రాక్షపళ్ళ లాంటి తియ్యటి వాసన ఉంటే సూడోమోనాస్ అని వార్డులో పాత ఆయమ్మలు కూడా చెప్పేస్తారు. అలాగే మొన్నటిదాకా ఎర్రగా ఉన్న చోట నలుపు, ఊదా మచ్చలు రావటం, గాయం అంచున ఎరుపు పాకటం, తేలిగ్గా కాలింది అనుకున్న చోటు లోతుగా మారటం, పెట్టిన గ్రాఫ్ట్ (అతికించిన చర్మం) ఊడి రావటం, ఇవి మామూలు చీము కన్నా పెద్ద సంగతులు, ఆ రోజే డాక్టర్ చూడాలి. ఇక సిల్వర్ సల్ఫాడయజిన్ తెల్ల క్రీము రాసినచోట పసుపు పచ్చగా జిగురు పొర కట్టుద్ది, చాలామంది అది చీము అనుకుని గోల చేస్తారు, కడిగితే పోద్ది, అది క్రీముదే.

ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వెయ్యకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. మాడిన చర్మం తీసేసి వాళ్ళ తొడ నుంచో ఇంకెక్కడి నుంచో చర్మం తీసి అతికిస్తారు, అదే గ్రాఫ్టింగ్. "ఒక గాయానికి రెండు గాయాలు చేస్తారా, యాంటీబయాటిక్ తో చూద్దాం సార్" అని వారం, పది రోజులు ఆపిన కుటుంబాలు ఉన్నాయి, ఆ పది రోజుల్లోనే పీకలమీదకి వస్తది. బ్యాక్టీరియా ఉండే ఇంటిని తీసేస్తేనే మందుకి పని, ఇల్లు అలాగే ఉంచి మందు పోస్తే మొండివే మిగులుతాయి. ఒంటి మీద తియ్యటానికి సరిపడా చర్మం లేకపోతే చనిపోయినవాళ్ళు దానం చేసిన చర్మం తాత్కాలికంగా కప్పుతారు, హైదరాబాద్ ఉస్మానియాలో స్కిన్ బ్యాంక్ ఉంది, ఆ అవకాశం గురించి డాక్టర్ ని అడగండి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో వస్తదా రాదా అనేది ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర, చేరిన రోజే అడిగి పెట్టుకోండి, చివరి నిమిషంలో రేషన్ కార్డు కోసం ఊరికి పరిగెత్తకుండా.

కల్చర్ రిపోర్టు ఎలా చూడాలి

జ్వరం పెరిగితేనో గాయం మారితేనో "కల్చర్ పంపిస్తున్నాం" అంటారు. గాయం మీద స్వాబ్ తియ్యొచ్చు, చిన్న ముక్క తియ్యొచ్చు, రక్తం కూడా తియ్యొచ్చు. వీలైతే కొత్త యాంటీబయాటిక్ మొదలెట్టకముందే తియ్యాలి, అందుకే "కల్చర్ తీశారా సార్" అని మందు చీటీ చేతికొచ్చినప్పుడే అడగండి. చాలాచోట్ల ఆ శాంపిల్ మీ చేతికే ఇచ్చి ల్యాబ్ కి పొమ్మంటారు. అప్పుడు టీ తాగి పోదాం, లిఫ్ట్ దగ్గర బావగారితో మాట్లాడి పోదాం అనుకోకండి, నేరుగా వెళ్ళండి, రెండు గంటలు దాటితే ఫలితం తేడా వస్తది. మూత తియ్యకండి, పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్), ఏ చోటు నుంచి తీశారో లేబుల్ మీద ఉందా చూడండి. పేరు తప్పు పడితే మీ పేషెంట్ కి ఇంకొకరి మందు పడుద్ది.

రిపోర్టు రావటానికి రెండు మూడు రోజులు పడుద్ది, అది ల్యాబ్ వాళ్ళ బద్ధకం కాదు, క్రిమి పెరగాలి కదా. వచ్చాక పైన క్రిమి పేరు, కింద మందుల పట్టీ, ఒక్కో మందు పక్కన ఎస్, ఐ, ఆర్ అని ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే ఆ మందుకి లొంగుద్ది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే మధ్యరకం, డోసు పెంచితేనో కొన్ని చోట్లోనో పనిచెయ్యొచ్చు. నిలువునా ఆర్, ఆర్, ఆర్ అని చూసి ఒకాయన మా ముందే కుప్పకూలిపోయాడు. కూలిపోకండి. కొలిస్టిన్ పక్కన ఎస్ కనపడకపోయినా కంగారు వద్దు, చాలా ల్యాబులు పాటించే అమెరికా పద్ధతిలో 2020 నుంచి ఆ మందుకి ఎస్ అని రాయటమే తీసేశారు, మంచి రిపోర్టు అయినా ఐ అనే వస్తది.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. స్వాబ్ లో క్రిమి కనపడటం వేరు, అది ఒంట్లోకి దిగటం వేరు. గాయం పైన ఊరికే కూర్చుని ఉంటే కడగటం, క్రీము, డ్రెస్సింగ్ తో చూసుకుంటారు, ఇంజెక్షన్ అక్కర్లేకపోవచ్చు. "రిపోర్టులో వచ్చింది కదా, మందు ఎందుకు రాయరు" అని గొడవపడకండి. రౌండ్స్ లో ఈ మూడు అడగండి చాలు: ఇది గాయం పైనే ఉందా లోపలికి దిగిందా, ఇప్పుడు పడుతున్న మందు ఈ రిపోర్టుకి సరిపోద్దా, ఇంకా చిన్న మందుకి మార్చే వీలుందా. మూడో ప్రశ్న జనం అడగరు. పెద్ద మందుతో మొదలుపెట్టి రిపోర్టు చూసి చిన్నదానికి దిగటం డాక్టర్ వెనకడుగు కాదు, అదే సరైన పద్ధతి.

పెద్ద మందు పడుతున్నప్పుడు

మెరోపెనెం కూడా పనిచెయ్యకపోతే తరచుగా వచ్చే పేరు కొలిస్టిన్. ఇదేదో కొత్త మందు అనుకుంటారు, కాదు, 1940ల చివర్లో జపాన్ లో దొరికిన పాత మందు. కిడ్నీలని దెబ్బతీస్తుందని దశాబ్దాలు పక్కన పెట్టేసి, వేరే దారి లేక మళ్ళీ బయటికి తీశారు. కోళ్ళ మేతలో కూడా వాడేవాళ్ళు, 2019లో మన దేశంలో తిండికి పెంచే జంతువులకి, కోళ్ళకి నిషేధించారు, కోళ్ళఫారాలు ఇన్ని ఉన్న మన జిల్లాల్లో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఈ మందు పడుతుంటే మీ పని యూరిన్ లెక్క. బ్యాగ్ లో ఎంత వచ్చిందో సిస్టర్ రాసుకుంటుంది, మీరూ ఒక నోట్ బుక్ లో టైమ్ తో రాయండి. 60 కిలోల మనిషికి గంటకి 30 ఎంఎల్ కన్నా తగ్గుతూ ఉంటే వెంటనే చెప్పండి. క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎంత వచ్చింది, నిన్నటికన్నా పెరిగిందా అని అడగండి. డోసు టైముకి పడాలి, రాత్రి రెండింటి డోసుకి మందు లేక ఉదయం మెడికల్ షాపు తెరిచేదాకా ఆగితే మొండిదానికి ఊపిరి పోసినట్టే, కాబట్టి రేపటి డోసులు ఈ సాయంత్రమే తెచ్చి పెట్టుకోండి. డబ్బు సరిపోకపోతే ఆ మాట డాక్టర్ తో ముందే చెప్పండి, సగం డోసు కొనకండి.

జ్వరం విషయంలో ఒక తికమక ఉంది. బాగా కాలిన పేషెంట్ కి ఇన్ఫెక్షన్ లేకపోయినా 100, 101 జ్వరం ఉంటది, ఒళ్ళు ఆ స్థాయిలోనే మండుతూ ఉంటది. అందుకని అంకె ఒక్కటే చూడొద్దు. 102 దాటటం, లేదా ఉన్నట్టుండి ఒళ్ళు చల్లబడి 97.7 కన్నా కిందకి పోవటం, నిన్న బాగా మాట్లాడిన మనిషి ఇవాళ మగతగా ఉండటం, పొంతన లేని మాటలు, ఆయాసం, కడుపు ఉబ్బి తిండి ఇమడకపోవటం, షుగర్ లేనివాళ్ళకి షుగర్ పెరగటం, ఇవి సెప్సిస్ కి, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతటినీ దెబ్బతీసి ప్రాణం మీదకి తేవటానికి, ముందు వచ్చే గుర్తులు. వీటిలో ఏది కనపడినా రౌండ్స్ దాకా ఆగొద్దు. మంచం పక్కన 24 గంటలు ఉండేది మీరే, "మనిషి నిన్నటిలా లేడు సిస్టర్" అనే మాట మానిటర్ కన్నా ముందు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

తిండి

ఇక్కడ మన పత్యం పెద్ద శత్రువు. పప్పు తింటే చీము పడుద్ది, గుడ్డు వేడి, చికెన్ తింటే గాయం మానదు, ఇలా చెప్పి చారన్నం, బీరకాయ కూర, బ్రెడ్డు పెడతారు. కాలిన ఒళ్ళు చర్మం కట్టుకోవటానికి, బ్యాక్టీరియాతో పోట్లాడటానికి మాంసకృత్తులు అడుగుద్ది, కిలో బరువుకి రోజుకి 1.5 నుంచి 2 గ్రాముల దాకా. 55 కిలోల ఆవిడకి 2 చొప్పున 110 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. రోజుకి ఆరు గుడ్లు పెట్టినా 36, అర లీటరు పాలు కలిపితే ఇంకో 16, ఇంకా సగానికే వచ్చాం, మిగతాది పప్పు, చేప, చికెన్, పల్లీలు, ప్రోటీన్ పౌడర్ తో నింపాలి. చారన్నంలో ఏముంది చెప్పండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి, షుగర్ వాళ్ళకి లెక్క మారుద్ది, డైటీషియన్ నో డాక్టర్ నో అడిగి పెట్టండి. బాగా ఉడికినది, వేడిగా ఉన్నది పెట్టండి, పొద్దున తెచ్చిన క్యారేజీ రాత్రికి వద్దు. నోటితో తినలేకపోతే ముక్కు పైపు వేస్తామంటారు, ఒప్పుకోండి.

మొండి క్రిమి వచ్చిందని వేరే గదిలో పెడితే

అంటే ఆశ వదిలేశారని కాదు. పక్క మంచాలకి పాకకుండా అంతే. గౌను, గ్లౌజులు ఇస్తారు, గదిలోకి పోయేముందు వేసుకుని, బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరే తీసి, చేతులు కడుక్కోండి, అదే గౌనుతో క్యాంటీన్ కి పోకండి. బీపీ పట్టీ, థర్మామీటర్ ఆ పేషెంట్ కే విడిగా ఉన్నాయా చూడండి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి దీనివల్ల మామూలుగా ఏమీ కాదు, కాబట్టి పేషెంట్ ని అంటరానివాళ్ళలా చూడకండి, గ్లౌజు వేసుకుని చెయ్యి పట్టుకోవచ్చు, తల నిమరొచ్చు. పసిపిల్లలని, డయాలసిస్, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళని మాత్రం దూరంగా ఉంచండి.

ఇంటికి వచ్చాక

కట్టు మార్చే ముందు, తర్వాత చేతులు అంతే శ్రద్ధగా కడగాలి, ఇంట్లో ఉన్నాం కదా అని వదలొద్దు. పేషెంట్ టవల్, సబ్బు, దుప్పటి విడిగా, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. రాసిన మాత్రలు రాసినన్ని రోజులు వాడండి, అంతకన్నా ఒక్కరోజు కూడా సొంతంగా పొడిగించొద్దు. స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్రగీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు, 2014 నుంచి పెద్ద యాంటీబయాటిక్స్ కొన్నిటికి షెడ్యూల్ హెచ్1 అనే రూల్ కింద షాపువాడు పేషెంట్ పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్ లో రాయాలి కూడా. రాయకుండా ఇస్తున్నాడంటే మంచివాడని కాదు.

మిగిలిన మాత్రలు, ఇంజెక్షన్లు కాలువలోనో బాత్రూమ్ లోనో పారబొయ్యకండి, ఆసుపత్రిలోనే అప్పగించండి. నీళ్ళలోకి పోయిన మందు ఏం చేస్తదో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మందుల కంపెనీల వ్యర్థాలు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ వాళ్ళు కొలిచి చెప్పారు, మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

చివరిగా ఫైలు. డిశ్చార్జ్ సమ్మరీలో ఏ క్రిమి వచ్చింది, ఏ మందులకి లొంగలేదు అనేది రాయకపోతే అడిగి రాయించుకోండి, కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి ఫోన్ లో ఫోటో కూడా తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత కాలినచోట బిగుసుకుపోయిన చర్మం ముడతలు విప్పే ఆపరేషన్ కి ఇంకో ఆసుపత్రికి పోయినా, కాన్పుకి పోయినా, చేరేటప్పుడే ఆ కాగితం ముందు చూపించండి. ఫైలు బీరువా మీద అట్టపెట్టెలో పడెయ్యకండి, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పెట్టుకునే కవర్లోనే పెట్టండి, ఇంట్లో ఇంకో మనిషికి కూడా అది ఎక్కడుందో చెప్పి ఉంచండి.